అతుకు కనబడని పాలడబ్బా

నేను సిగరెట్టు తాగను, బీడీ తాగను. అయినా రెండువేల అయిదో సంవత్సరంలో దుబాయ్‌లోని డేరా బజారులో ఒక లైటర్ కొన్నాను. అచ్చం పిస్తోలులా ఉండేది. మూడు నెలల పాటు దాన్ని చొక్కా కింద దాచుకుని తిరిగాను. ఎందుకంటే భయం. అప్పట్లో జాగ్రత్త అని చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ బుకాయింపులెందుకు, భయమే.

మాది కరీంనగర్ జిల్లా, కంసాలి పని. షార్జాలో ఒక బంగారు గాజుల కార్ఖానాలో ఎనిమిదేళ్లు చేశాను. కింద కార్ఖానా, పైన మేముండే గది. గదిలో ఆరుగురం. అందులో ఒకాయన మా జిల్లావాడే, నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. అన్నా అని పిలిచేవాణ్ణి. అతుకు పెట్టడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. "అతుకు కండ్లకు కనవడొద్దు తమ్మీ, గోరుకు తాకొద్దు" అనేవాడు. నేను అతికిన ప్రతి గాజు మీదా బొటనవేలి గోరు గుండ్రంగా నడిపించి చూసేవాడు. గోరు ఎక్కడైనా ఆగిందా, గాజు తెచ్చి నా ముందు పడేసేవాడు. తిట్టేవాడు కాదు, అదే నాకు మరీ మంట. రెండేళ్లకు ఆయన గోరు ఆగడం మానేసింది.

తయారైన గాజుల్ని రెండు రోజులకోసారి డేరాలోని దుకాణానికి చేర్చాలి. దానికి బండీ లేదు, కాపలా లేదు, ఉన్నదల్లా ఒక టిఫిన్ క్యారియర్. నాలుగు గిన్నెలు. పై రెండింట్లో అన్నం, పప్పు. కింది రెండింట్లో దూది పరిచి గాజులు. బిల్లు కాగితం లోపలి జేబులో. మాసిన చొక్కా వేసుకుని, అందరితోపాటు బస్సెక్కి పోవాలి. ఇది మా సేటు పద్ధతి. "తుమ్హారా గందా షర్ట్ హీ తుమ్హారా పోలీస్ హై" అనేవాడు, మాసిన చొక్కాయే కాపలా అని. నిజమే మరి, కూలివాడి సద్దిలోకి ఎవడు తొంగి చూస్తాడు? ఏళ్ల తరబడి అలాగే నడిచింది.

ఆ పని ఒక బెంగాలీ అతను చేసేవాడు. ఆ ఏడు ఎండాకాలం మొదట్లో, డేరా సందులో ఇద్దరు అతని తల మీద కొట్టారు. అతను క్యారియర్ వదల్లేదు, గాజులు పోలేదు. పోయింది అతని ఎడమ చెవి. వినికిడి మళ్లీ రాలేదు. అతన్ని ఇంటికి పంపేసిన మర్నాడే సేటు ఆ క్యారియర్ తెచ్చి నా పీట పక్కన పెట్టాడు. "యల్లా, కల్ సే తుమ్" అన్నాడు, రేపట్నుంచి నువ్వే అని. కింది గిన్నెకు సొట్ట అలాగే ఉంది. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను.

మొదటి వారం నాకు వెనక ఎవరి చెప్పుల చప్పుడు వినబడినా గోడకు ఆనుకుని వాళ్లు దాటిపోయేదాకా ఆగేవాణ్ణి. అప్పుడే అనుకున్నాను, నా దగ్గరొక పిస్తోలు ఉండాలని. మా వైపు ఊళ్లలో తుపాకులు చూస్తూ పెరిగినవాణ్ణి. తుపాకీ ఉన్నవాడు అడిగితే ఎవరైనా తలుపు తీస్తారని నాకు పదేళ్లకే తెలుసు. కార్ఖానా ముందు టాక్సీ ఆపుకునే పఠాన్‌ను మెల్లగా కదిపాను. నిజం పిస్తోలు ఎక్కడైనా దొరుకుతుందా అని. అతను చాయ్ మింగడం మానేసి నా మొహం చూశాడు.

"పాగల్ హువా క్యా? పిస్తోల్ తో దూర్, చాకూ పకడా గయా తో భీ జేల్. ఫిర్ సీదా ఇండియా. ఖలాస్."

కత్తితో దొరికినా జైలే అన్నాక నిజం పిస్తోలు సంగతి అక్కడితో ముగిసింది. కానీ భయం ముగియదు కదా. ఆ శుక్రవారం డేరా బస్టాండు వెనక ఒక మలయాళీ దుకాణంలో, గడియారాల పక్కన అద్దాల బీరువాలో ఈ లైటర్లు కనిపించాయి. ఆగిపోయాను. దూరం నుంచి చూసేవాడికి ఇది నిజమో అబద్ధమో ఎలా తెలుస్తుంది? ఒక్క క్షణం వాడు వెనకడుగేస్తే చాలు, నాకు కాళ్లున్నాయి, పరిగెత్తగలను. ఎంత తెలివి! ఆ తెలివంతా తర్వాత నా నెత్తికే చుట్టుకుంది.

దుకాణదారు మూడు తీసి పరిచాడు. మొదటిది గిర్రున తిరిగే చక్రం ఉన్న పెద్దది. చేతిలో పట్టుకుంటే దర్జాగానే ఉంది కానీ చొక్కా కింద పెట్టుకుంటే గర్భిణీ స్త్రీలా పొట్ట ముందుకొచ్చింది. రెండోది సన్నగా పొడుగ్గా ఉంది. దాన్ని నడుములో దోపుకుని స్టూలు మీద కూర్చుని చూశాను, గొట్టం తొడలో గుచ్చుకుంది. నేను బస్సులో ముప్పావుగంట కూర్చోవాలి. మూడోది అరచేతిలో పట్టేంతది, నల్లది. దోపుకున్నాను, కూర్చున్నాను, లేచాను, వంగి క్యారియర్ ఎత్తినట్టు ఎత్తాను, చేతులు రెండూ పైకి లేపి బస్సులో కడ్డీ పట్టుకున్నట్టు నిలబడ్డాను. ఎక్కడా బయటపడలేదు. పెళ్లికి నగ ఎంచినా ఇంత పరీక్ష చేయను. మలయాళీ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఇదంతా చూస్తున్నాడు.

"భాయ్, ఏక్ సిగరెట్ కే లియే ఇత్నా?"

"బహుత్ పీతా హూఁ" అన్నాను, తెగ తాగేవాడిలా.

మోయడంలో ఉన్న తంటాలు కొన్నాక తెలిశాయి. నాది కుడిచేతి వాటం. పిస్తోలు కుడిచేత్తో తీయాలంటే క్యారియర్ ఎడమచేతికి మారాలి. మారింది, వారానికల్లా ఎడమ భుజం పీకడం మొదలైంది. పాత జీన్సు ప్యాంటు కత్తిరించి లోపలి వైపు ఒక సంచి కుట్టుకున్నాను. చెమటకు ఆ ఇనుము ఒరుసుకుని నడుము మీద రూపాయి బిళ్లంత పొక్కింది. మాసిన పొట్టి చొక్కా మానేసి వదులైన పొడుగు చొక్కాలు వేయడం మొదలెట్టాను, అవి ఉతికి మరీ. అన్న ఒకటి రెండుసార్లు నన్ను ఎగాదిగా చూసి "ఏందిర, పెండ్లి చూపులకు పోతున్నవా?" అన్నాడు. ఆయనకు చెప్పలేదు. చెప్తే ఏమంటాడో తెలుసు కాబట్టి చెప్పలేదు.

ఒకరోజు బస్సులో బ్రేకు పడి ముందు సీటుకు గుద్దుకున్నాను. లోపల టిక్కుమంది. రెండు క్షణాల్లో బనియను వాసన, మూడో క్షణంలో నా కేక. దేవుడా, నన్ను కాపాడాల్సింది నన్నే కాల్చింది! కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో ఆరోజు నా పొట్టకు తెలిసింది. పక్కనున్న ఫిలిపినో అమ్మాయి లేచి వేరే సీటుకు వెళ్లిపోయింది. ఆ సాయంత్రమే దాంట్లో గ్యాసంతా వదిలేశాను. తర్వాత మోసింది ఉత్త ఇనప ముక్కని.

అది వదిలించుకోవాలని బుద్ధి పుట్టింది మాత్రం సీఐడీ వల్ల. డేరాలో మామూలు బట్టల్లో తిరిగే పోలీసులుంటారు, ఎవరినైనా ఆపి లేబర్ కార్డు అడుగుతారు. దాన్ని అక్కడ పతాకా అంటాం. అంతకుముందు సెలవు రోజుల్లో డేరాకు వచ్చినప్పుడు వందసార్లు వాళ్ల పక్కనుంచి నడిచాను, ఒక్కసారీ నావైపు చూడలేదు. ఆరోజు ఎదురుగా ఒకతను వస్తుంటే, నా చెయ్యి దానంతటది నడుము మీదికి పోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు. అతను ఆగాడు.

"పతాకా." ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఉధర్ క్యా హై?"

"పేట్ మే దర్ద్ హై, సాబ్."

నా మొహంలో నెత్తురు చుక్క లేకపోవడం చూసి కడుపునొప్పి నిజమేననుకున్నాడేమో, పతాకా చేతిలో పెట్టి పొమ్మన్నాడు. నేను దుకాణం చేరి గాజులు అప్పగించి, బయటికొచ్చి గట్టు మీద కూలబడ్డాను. బెంగాలీ అతను ఏళ్ల తరబడి మాసిన చొక్కాతో బతికాడు. నేను మూడు నెలలకే పోలీసు కంట్లో పడ్డాను.

పారేస్తే అయిపోయేది. ఈ వాక్యం రాయడానికి ఇప్పటికీ చెయ్యి రాదు. చెత్తడబ్బా పదడుగుల దూరంలోనే ఉంది. కానీ పారేయబుద్ధి కాలేదు. మెరిసే వస్తువు, దుబాయ్ వస్తువు, పైగా ఊళ్లో మా బావమరిది ఫోన్ చేసినప్పుడల్లా నాకేం పంపుతున్నవు బావా అని సతాయిస్తున్నాడు. సరిగ్గా అదే నెలలో అన్న ఛుట్టీ మీద ఊరికి బయలుదేరుతున్నాడు.

ఆ ప్రయాణం గురించి చెప్పాలి. వదినకు గర్భసంచి ఆపరేషన్. ఏడాదిగా రక్తం పోయి పోయి మనిషి పసుపు పచ్చగా అయిపోయిందట. కరీంనగర్ డాక్టరు సోమవారం పొద్దున చేస్తానని రోజు ఖాయం చేశాడు. ఆమెకు కోత అంటే చచ్చేంత భయం. ఫోన్ స్పీకర్లో పెట్టి మాట్లాడితే గదిలో అందరం విన్నాం. "నువ్వచ్చి తలుపు బయట కూసుంటెనే నేను లోపలికి పోత. లేకుంటె బల్ల ఎక్క. నన్ను చంపినా ఎక్క." అన్న నవ్వుతూ "అస్తున్ననే, అస్తున్న" అన్నాడు. సేటు తన దగ్గర పెట్టుకున్న పాస్‌పోర్టు బతిమాలి తీసుకుని శనివారం మధ్యాహ్నం విమానానికి టికెట్టు చేయించాడు.

ఎవరు ఊరికి పోతున్నా గదిలో ప్రతి ఒక్కరూ ఇంటికి ఒక మూట ఇస్తారు. సబ్బులో, అత్తరో, పిల్లల బట్టలో. పోయేవాడు వాటిని తన కార్టన్‌లో సర్ది తాడుతో కడతాడు. ఒకరి మూట ఇంకొకరు విప్పరు. ఏముందని అడగరు కూడా, ఇచ్చేవాడే చెప్తాడు. విప్పి చూడడమంటే నువ్వు దొంగవని మొహాన చెప్పడమే. మా గదిలోనే కాదు, నేను చూసిన ప్రతి క్యాంపులో అదే రివాజు.

పిస్తోలని తెలిస్తే అన్న తీసుకుపోడని, నేను పెద్ద పాలపొడి డబ్బా కొన్నాను. అడుగు రేకును అంచు వెంబడి మా సన్న రంపంతో కోశాను. సగం పొడి తీసి, పిస్తోలును ప్లాస్టిక్‌లో చుట్టి పొడిలో పాతి, పొడి మాడకుండా డబ్బాకు తడిగుడ్డ చుట్టి, రేకు మళ్లీ కూర్చి టంకం పెట్టాను. ఆకురాయితో అరగదీశాను, మెరుగు పెట్టాను. చివర గోరు నడిపించి చూశాను. ఎక్కడా ఆగలేదు. ఎంత మురిసిపోయానో! ఎనిమిదేళ్లలో నేను పెట్టిన అతుకులన్నిట్లోకీ అదే గొప్పది.

"పాలపొడి అన్నా. మా బావమరిది పిల్లలకు" అన్నాను.

"పెట్టు" అన్నాడు, వేరే మూట కడుతూ తలెత్తకుండా.

శనివారం అన్నను సాగనంపడానికి షార్జా ఎయిర్‌పోర్టుకు నేనే వెళ్లాను. లోపలికి పోగానే సామాను ఎక్స్‌రే మెషీన్లో వేయాలి. నేను అద్దం ఇవతల నిలబడ్డాను. కార్టన్ లోపలికి పోయింది. బెల్టు ఆగింది. కొంచెం వెనక్కి వచ్చి, మళ్లీ ముందుకు పోయింది. మెషీన్ దగ్గరున్న పోలీసు ఇంకొకణ్ణి పిలిచాడు. అప్పుడు, అప్పుడు వెలిగింది నా బుర్రలో. మూడు నెలలు మనుషుల కళ్లు తప్పించడం గురించే ఆలోచించాను. మెషీన్ సంగతి ఒక్కసారి కూడా తట్టలేదు. అతుకు చూసే కన్ను కాదది, రేకు వెనక ఉన్నది చూసే కన్ను.

తాడు కోశారు. డబ్బా బయటికి తీశారు. మూత తీసి చూశారు, సీలు అలాగే ఉంది. అడుగు తిప్పి చూశారు, ఎక్కడా తెరిచిన గుర్తు లేదు. తెరిచిన గుర్తే లేని డబ్బాలో పిస్తోలు! వాళ్ల మొహాలు మారిపోయాయి. మామూలుగా గుడ్డలో చుట్టి పెట్టినా ఆటవస్తువు అనుకునేవాళ్లేమో. నా పనితనమే దాన్ని పెద్ద ముఠా వ్యవహారం చేసింది. పోలీసు అన్నను ఏదో అడిగాడు. గొంతు వినబడలేదు కానీ అన్న అరచెయ్యి గుండె మీద పెట్టుకోవడం కనిపించింది. నాది అని చెప్తున్నాడు. అందులో ఏముందో ఆయనకు అప్పటికి తెలియదు. తన కార్టన్‌లో ఉన్నది తనదే, అంతే ఆయన లెక్క. తర్వాత అద్దం వైపు తిరిగి నన్ను చూశాడు. వేలు చూపించలేదు.

నేను బయటికి నడిచాను. దీన్ని దాచి రాయడం నాకిష్టం లేదు. తలుపు దాటి, టాక్సీల వరస దాకా పోయాను. ఒక టాక్సీ తలుపు మీద చెయ్యి కూడా వేశాను. జైలు, వీసా రద్దు, ఇంటి దగ్గర పెళ్లాం బిడ్డలు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. నన్ను నిలబెట్టింది ధైర్యం కాదు. ఈ మనిషి చచ్చినా నా పేరు చెప్పడని నాకు తెలుసు. చెప్పే మనిషైతే ఆ టాక్సీ ఎక్కి పోయేవాణ్ణేమో. వెనక్కి తిరిగాను.

లోపల గదిలో అన్నను బెంచీ మీద కూర్చోబెట్టారు. డబ్బా కోసి ఉంది, బల్లంతా పాలపొడి. అది నాదే, అన్నకేం తెలియదని నేను గుమ్మంలోంచే అరిచాను. "వో మేరా హై సాబ్! ఇస్కో కుఛ్ మాలూమ్ నహీ. వో లైటర్ హై, సిర్ఫ్ లైటర్!"

ఆఫీసరు అరబ్బీవాడు, హిందీ బాగానే వచ్చు. పిస్తోలు నా ముందుకు తోసి "లైటర్? జలావో" అన్నాడు, వెలిగించి చూపమని.

నొక్కాను. టిక్. మళ్లీ టిక్. అందులో గ్యాస్ ఎక్కడిది? నా పొట్ట కాలిందని నేనే వదిలేశాను కదా. ఏడుపొచ్చింది, నిజంగా ఏడ్చాను. పిడి కింద గ్యాస్ నింపే రంధ్రం చూపించాను, బస్సులో కాలిన మచ్చ చొక్కా ఎత్తి చూపించాను. "యే డబ్బా కౌన్ బంద్ కియా?" అని అడిగాడు. మూసింది నేనే అన్నాను. అతను అడుగు రేకు మీద వేలు రాసి నా వైపు అదోలా చూశాడు. పెద్దాఫీసరు రావాలి, గ్యాస్ తెప్పించాలి, కాగితాలు రాయాలి అన్నాడు. గోడ మీద గడియారం ఉంది. అన్న దాన్నే చూస్తున్నాడు.

"ఆయన్ని పంపండి సాబ్, భార్యకు ఆపరేషన్. నేనిక్కడే ఉంటా" అని హిందీలో ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలియదు. ఇద్దరూ నాది అన్నారు, ఇద్దరూ ఉండండి, అన్నాడు ఆఫీసరు. అతని తప్పేం లేదు. అతని స్థానంలో నేనున్నా అదే చేస్తాను.

అన్న పక్కన బెంచీ మీద కూర్చున్నాను. కాసేపటికి ఆయన చాలా మెల్లగా అన్నాడు.

"పాలపొడి అన్నవు గద తమ్మీ."

అంతే. తిట్టలేదు, కొట్టలేదు. కొడితే బాగుండేది. మేమలా కూర్చుని ఉండగానే విమానం వెళ్లిపోయింది.

పెద్దాఫీసరు వచ్చి, గ్యాస్ నింపించి, వేలెడంత మంట వచ్చాక ఆ సాయంత్రమే అన్నను వదిలేశారు. నన్ను అయిదు రోజులుంచి, అరబ్బీ కాగితం మీద వేలిముద్ర వేయించుకుని, సేటు వచ్చాక పంపారు. ఈలోగా అన్న గదికి పోయి, సీటు దొరికే దాకా కూర్చుని, బుధవారం విమానమెక్కాడు. కార్టన్ లేకుండా పోయాడు. నేను గది చేరేసరికి ఆయన లేడు, మంచం మడిచి ఉంది.

వదిన అన్నంత పనీ చేసింది. సోమవారం ఆస్పత్రికి పోయి బల్ల ఎక్కలేదు. అక్కా చెల్లెళ్లు బతిమాలినా, డాక్టరు కసిరినా వరండాలోనే కూర్చుంది. మా ఆయన దారిలో ఉన్నాడు అని చెప్పిందట. మంగళవారం రాత్రి రక్తం ఆగక పడిపోయింది. అన్న పోయేసరికి ఒంట్లో కోతకు తట్టుకునేంత రక్తం లేదని, ఎక్కించి, పన్నెండు రోజులు ఆగి చేశారు. బతికింది. కానీ మునుపటిలా పొలానికి పోయే మనిషి కాలేకపోయింది, మెట్లెక్కితే ఆయాసం. అన్న ఛుట్టీ అంతా ఆస్పత్రి మెట్ల మీదే గడిచింది.

రెండు నెలలకు తిరిగొచ్చాడు. కాళ్ల మీద పడ్డాను. "లే. వదిన నిన్ను అడిగింది, బాగున్నడా అని" అన్నాడు. నా పక్క పీట మీదే కూర్చుని పని మొదలెట్టాడు. సేటు క్యారియర్ మళ్లీ నాకే ఇచ్చాడు. మాసిన పొట్టి చొక్కా వేసుకుని ఇంకో రెండున్నరేళ్లు మోశాను, ఒక్కడూ నావైపు చూడలేదు.

గదిలో మాత్రం రివాజు మారింది. ఎవరూ పైకి అనలేదు, నా వల్లనే అని. ఎవరు ఊరికి పోతున్నా మిగిలినవాళ్లు మూటలు తెచ్చి, అడగకముందే విప్పి, సబ్బులు, బట్టలు ఒక్కొక్కటీ చూపించి మళ్లీ కట్టి ఇచ్చేవాళ్లు.

రెండువేల ఏడులో అన్న మళ్లీ ఛుట్టీకి పోయాడు. అందరి మూటలూ అయ్యాయి. మా ఇంట్లో చంటిపిల్ల ఉంది, నేను పాలపొడి డబ్బా కొన్నాను. వేరే ఏదైనా కొనొచ్చు కదా, నాకూ తెలుసు. పిల్లకు కావలసింది అదే మరి. తెచ్చి కార్టన్ పక్కన పెట్టాను. "విప్పి చూపిస్త అన్నా" అన్నాను. "వద్దు తియ్" అన్నాడు.

అన్న డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. చెవి దగ్గర ఊపి విన్నాడు. తర్వాత తిరగేసి, అడుగు అంచు మీద బొటనవేలి గోరు పెట్టి, మెల్లగా, గుండ్రంగా ఒక చుట్టు నడిపించాడు. ఆగలేదు. నా అతుకు మీద కూడా ఆ గోరు ఆగదని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. ఇంకో చుట్టు నడిపించాడు. అప్పుడు డబ్బాను బట్టల మధ్య పెట్టి తాడు కట్టాడు.